ఐపీ చెప్పే ఊరు, పింగ్ చెప్పే దూరం

పిన్‌కోడ్ 5తో మొదలైతే ఉత్తరం ఆంధ్రప్రదేశ్‌కో తెలంగాణకో కర్ణాటకకో వెళ్లాలని తపాలా శాఖకు తెలిసిపోతుంది. నెట్‌లో పరికరాన్ని గుర్తించే అంకెల వరుస అయిన ఐపీ అడ్రస్‌లో అలాంటి ఆనవాలు ఏదీ లేదు. ఆ అంకెల బ్లాకులను ప్రపంచంలో ఐదు ప్రాంతీయ సంస్థలు పంచుతాయి. ఏ కంపెనీ తీసుకుందో వాటి రికార్డుల్లో ఉంటుంది కానీ, వాడుతున్న మనిషి ఎక్కడున్నాడో ఉండదు.

ఆన్‌లైన్ గేముకు ఆ సంగతే ముఖ్యం. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి సింగపూర్ సుమారు 3,300 కిలోమీటర్లు. అంటే కేబుల్ తిన్నగా వేసినా, సంకేతం పోయి రావడానికి 33 మిల్లీసెకన్లు పడుతుంది. ఇలా పోయి వచ్చే సమయాన్నే పింగ్ అంటారు. ఎంత ఖరీదైన ఫోన్ కొన్నా ఈ ఆలస్యం తగ్గదు. అందుకే ఆటగాడిని దగ్గరి సర్వర్‌కే పంపాలి.

ఊరు కనిపెట్టే మార్గాలను 2001లో వెంకట పద్మనాభన్, లక్ష్మీనారాయణన్ సుబ్రమణియన్ ఒక పరిశోధనా పత్రంలో వివరించారు. దారిలోని రూటర్ల పేర్లలో దాగిన నగరాల సంక్షిప్తాలను పట్టుకోవడం ఒకటి. తెలిసిన చోట్ల నుంచి సంకేతం పంపి, ఆలస్యాన్ని కొలవడం మరొకటి. కొందరి ఊరు తెలిస్తే, అదే అడ్రస్ గుంపులోని మిగతావాళ్లదీ ఊహించడం మూడోది. ఆ మరుసటి ఏడాదే మొదలైన మ్యాక్స్‌మైండ్ లాంటి కంపెనీలు ఇలాంటి సమాచారాన్ని పట్టికలుగా అమ్మాయి.

పట్టిక దేశాన్ని చాలావరకు సరిగ్గానే చెబుతుంది. ఊరి దగ్గరే తడబడుతుంది. అమెరికాలో ఉందన్నంత వరకే తెలిసిన అడ్రస్‌లను మ్యాక్స్‌మైండ్ దేశం నడిమధ్యన, కాన్సస్‌లో ఒకే బిందువుకు కట్టింది. 60 కోట్లకు పైగా అడ్రస్‌లు అలా పాట్విన్ దగ్గరి ఒక పొలం మీద పడ్డాయని 2016లో బయటపడింది. ఎవరో చేసిన నేరాలకు పోలీసులు ఆ పొలంలోని ఇంటికి వచ్చేవారు. చివరికి కంపెనీ ఆ బిందువును ఒక చెరువులోకి మార్చింది. అంకెల పట్టికలో ఒక ఖాళీని ఊహతో నింపితే, దాని భారం ఏ పాపం తెలియని కుటుంబం మోసింది.

మొబైల్ నెట్‌లో చిక్కు ఇంకా ఎక్కువ. ఎంతోమంది ఒకే బయటి అడ్రస్ పంచుకుంటారు. శ్రీకాకుళంలో ఆడే కుర్రాడు ఇంకో రాష్ట్రంలో ఉన్నట్టు కనిపించవచ్చు.

కాబట్టి ఐపీ పట్టికను తొలి అంచనాగా తీసుకుని, తుది మాట పింగ్‌కు వదలడమే న్యాయం. గేముల కంపెనీ వాల్వ్ నెట్‌వర్క్‌లో ఆటగాడి కంప్యూటరే రిలే కేంద్రాలకు పింగ్ కొట్టి, ఏ డేటా సెంటర్ ఎంత దూరమో లెక్కగడుతుంది.

అసలు సర్వరే దూరంగా ఉంటే ఏ లెక్కా ఆదుకోదు. రయట్ సంస్థ 2015 ఆగస్టులో తన ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’ గేము ఉత్తర అమెరికా సర్వర్లను పోర్ట్‌లాండ్ నుంచి షికాగోకు తరలించింది. తూర్పు తీరం వాళ్లకు ఊరట దక్కింది, పడమటి వాళ్ల పింగ్ పెరిగింది.

ఊహ అవసరాన్ని తగ్గించే ప్రయత్నమూ సాగుతోంది. ఏ బ్లాకును ఏ ఊళ్లో వాడుతున్నారో నెట్‌వర్క్ సంస్థలే ఒక చిన్న ఫైలులో రాసి ప్రకటించే పద్ధతిని 2020లో ఆర్‌ఎఫ్‌సీ 8805 అనే పత్రం వివరించింది.