పోపులడబ్బా డబ్బు... బిట్‌కాయిన్ పాలా?

పొదిలి ఇల్లాలికి ధర ఎగుడుదిగుళ్ళ గురించి ఒకరు చెప్పాలా? ఊళ్ళోనే పొగాకు వేలం కేంద్రం ఉందాయె! 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోతే, క్వింటాలుకు 11,781 రూపాయలని కేంద్రమే ఖరారు చేయాల్సి వచ్చింది. మరి ‘బిట్‌కాయిన్ కొను వదినా, లక్షలొస్తాయి’ అని ఎవరైనా అంటే ఏం చేస్తారు?

బిట్‌కాయిన్ చేతికి దొరకదు. 2009లో పుట్టిన ఈ నాణెం ఉండేది కంప్యూటర్లలోనే. 2021 నవంబరులో సుమారు 69 వేల డాలర్లు పలికి, ఏడాది తిరిగేసరికి 16 వేలకు దిగింది. అంటే లక్ష రూపాయలు పెట్టినవారికి మిగిలింది పాతికవేలు! 2024 డిసెంబరులో లక్ష డాలర్లు దాటింది, నిజమే. అందాకా అమ్మాయి కాలేజీ ఫీజు ఆగుతుందా?

మిర్చి ధర పడినా సరుకు మిగులుతుంది, కారం పట్టించి అమ్ముకోవచ్చు. దీనికి మాత్రం కొనేవాళ్ళ నమ్మకమే సరుకు.

పచ్చళ్ళు, కారప్పొడి ఆన్‌లైన్‌లో అమ్మాలనుందా? భేషుగ్గా మొదలుపెట్టండి. కానీ ‘డబ్బు క్రిప్టోలో ఇస్తాం’ అంటే ఒప్పుకోకండి. మీరు నూనె, మిర్చి కొన్నది రూపాయల్లో. రాత్రికి రాత్రి ధర పడితే లాభం సరే, పెట్టుబడే పోతుంది.

గుర్తుంచుకోండి:

* 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను. ఒక నాణెంలో నష్టాన్ని మరోదాని లాభంలో తగ్గించుకోనివ్వరు.

* ‘రోజూ ఇంత గ్యారంటీ, ఇద్దర్ని చేర్పిస్తే కమీషన్’ అన్నారంటే అది మోసమే.

* మోసపోతే సిగ్గుపడకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి.

చీటీ పాడిన డబ్బు, నగలు కుదువపెట్టిన డబ్బు మాత్రం దీని జోలికి పోనివ్వకండి!