గ్రామారోగ్యమునకు లెక్కయే కన్ను

పంచాయతీ సమావేశమున ఇంటిపన్ను ఎంత వసూలైనదో, వీధిదీపములు ఎన్ని వెలుగుచున్నవో, ఏ బోరు ఎండిపోయినదో సభ్యులు అడిగి తెలిసికొనుచుందురు. గడచిన మాసమున గ్రామమున ఎందరికి జ్వరము వచ్చినది, ఎందరు శిశువులు జన్మించిరి, వారిలో ఎందరికి టీకాలు పడినవి అని అడుగు సభ్యులు మాత్రము అరుదు. అది డాక్టర్ల పని యనియు, రాష్ట్ర కార్యాలయమున కంప్యూటర్ల ముందు కూర్చుండు ఉద్యోగుల పని యనియు మనము తలంచుట కద్దు.

ఆ యుద్యోగులు పని చేయుచున్న మాట నిజమే. కాని వారు చూచునది మన గ్రామమును కాదు, మన గ్రామమునుండి వెళ్లిన లెక్కను. లెక్క సరిగా నున్నచో మన కష్టము వారికి కనబడును. లెక్క తప్పినచో గ్రామము వారి కంటికి మరుగుపడును. మందులును, వైద్యులును వేరొక చోటికి పోవుదురు. కావున ఆ కార్యాలయము పనిచేయు తీరును ప్రతి పంచాయతీ సభ్యుడును తెలిసికొనుట మేలు.

మదనపల్లె నేర్పిన పాఠము

ఆరోగ్యమును లెక్కించుట కంప్యూటర్లతో పుట్టిన విద్య కాదు. ఈ విషయమున మదనపల్లెకు గొప్ప చరిత్ర కలదు. పట్టణమునకు సమీపమున నున్న ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయము 1915లో ప్రారంభమైనది. డెన్మార్కు దేశీయుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ దానికి తొలి వైద్యాధికారి. మన దేశమున బి.సి.జి. టీకాలను 1948లో ఆరంభించిన తొలి తావులలో మదనపల్లె యొకటి.

ఆసుపత్రికి వచ్చిన రోగులను లెక్కించిన చాలదనియు, రాని వారిని గూడ లెక్కింపవలెననియు అచటి వైద్యులు గ్రహించిరి. 1950 నుండి 1955 వరకు డాక్టర్ జొహానెస్ ఫ్రిమాట్ మోలర్ ఆధ్వర్యమున మదనపల్లె పట్టణమునందును, చుట్టుపట్ల పల్లెలయందును ప్రజల జాబితాలు వ్రాసి, ఎక్స్‌రే పరీక్షలును, చర్మ పరీక్షలును జరిపిరి. ఆ పరిశీలన ఫలితములు 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికయందు ప్రకటింపబడినవి.

ఆ కాలముననే, అనగా 1955-58 సంవత్సరములలో, భారత వైద్య పరిశోధన మండలి దేశమున క్షయవ్యాధిని గూర్చి పెద్ద పరిశీలన జరిపినది. దానికి ఎన్నుకొన్న ప్రాంతములలో మదనపల్లెయు నొకటి. క్షయ పట్టణములలోని ఇరుకు ఇండ్ల జబ్బు యనియు, గాలి వెలుతురు గల పల్లెలకు దాని భయము తక్కువ యనియు అంతకు ముందు పెక్కుమంది నమ్మియుండిరి. లెక్క తీసిన పిమ్మట పల్లెలలోను, పట్టణములలోను వ్యాధి ఇంచుమించు సమానముగనే యున్నదని తేలినది. పల్లెలోని రోగి అంతవరకు లేకపోలేదు. అతనిని ఎవరును లెక్కింపలేదు, అంతే.

లెక్క పోవు దారి

నేడు ఈ పని నిత్యము జరుగుచున్నది. ఆశా కార్యకర్తయు, ఆరోగ్య కార్యకర్తయు ఇంటింటికి పోయి గర్భిణుల పేర్లు, శిశువుల టీకాలు, జ్వరములు, దగ్గులు, విరేచనములు తెలిసికొని నమోదు చేయుదురు. అది మొదటి మెట్టు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున వైద్యాధికారి దానిని పరిశీలించుట రెండవ మెట్టు. అచటినుండి జిల్లాకును, రాష్ట్రమునకును, కేంద్రమునకును అది కంప్యూటరు ద్వారా చేరును.

అంటువ్యాధుల విషయమున మూడు విధముల నమూనాలు కలవు. కార్యకర్త రోగ లక్షణములను బట్టి వ్రాయునది ‘ఎస్’ నమూనా. డాక్టరు చూచి, ఫలానా వ్యాధి కావచ్చునని వ్రాయునది ‘పి’ నమూనా. ప్రయోగశాల పరీక్షించి నిర్ధారించి వ్రాయునది ‘ఎల్’ నమూనా. ఈ వ్యాధి నిఘా పథకము దేశమున 2004లో ఆరంభమై, 2021లో నూతన కంప్యూటరు వ్యవస్థకు మారినది. ఒకే వారమున పుంగనూరు ప్రాంతమున నొక పల్లెనుండి విరేచనముల లెక్క హఠాత్తుగా పెరిగినదనుకొందము. ప్రయోగశాల ఫలితము రాకముందే ‘ఎస్’ నమూనా కార్యాలయమును హెచ్చరించును. వైద్య బృందము బయలుదేరును. పంచాయతీ వారు త్రాగునీటి ట్యాంకును కడిగించి, క్లోరిన్ కలిపించి, పగిలిన గొట్టమును బాగుచేయింపవలెను. ఆ మూడు నాలుగు దినముల ముందు హెచ్చరికయే కొన్ని ప్రాణములను కాపాడును.

సంఖ్యను చదువు విధము

రాష్ట్ర కార్యాలయమునకు చేరిన సంఖ్యలను అట్లే నమ్మరు. మొదట తప్పులు వెదకుదురు. ఒక మాసమున 10 మంది శిశువులు జన్మించిరనియు, పుట్టిన దినమున వేయు టీకా 14 మందికి వేసితిమనియు వ్రాసియున్నచో ఎచటనో పొరపాటు కలదు. అట్టి లెక్కను సరిచూడుమని తిరిగి పంపుదురు.

పిమ్మట జనసంఖ్యతో పోల్చుదురు. 4,000 జనాభా గల గ్రామమున 8 మందికి జ్వరము, 1,000 జనాభా గల గ్రామమున 5 గురికి జ్వరము వచ్చినవనుకొందము. చూపునకు మొదటి గ్రామమే ఎక్కువ బాధలో నున్నట్లుండును. కాని 1,000 మందికి లెక్క కట్టినచో మొదటి గ్రామమున 2, రెండవ గ్రామమున 5. మందులు ముందుగా పోవలసినది రెండవ గ్రామమునకు. గత సంవత్సరము ఇదే మాసమున ఎంత యుండెనో గూడ చూతురు. వానకాలమున జ్వరములు కొంత పెరుగుట సహజము. వేసవిలో అట్లు పెరిగినచో వెంటనే విచారింపవలెను.

ఒకే వ్యక్తిని రెండు మారులు లెక్కించుట మరియొక చిక్కు. అత్తవారిల్లు పుంగనూరు ప్రక్కన నున్న యువతి తొలి కాన్పునకు మదనపల్లె చెంతనున్న పుట్టింటికి వచ్చుట మన యాచారము. ఆమె పేరు రెండు చోట్ల వ్రాసినచో ఇద్దరు గర్భిణులగుదురు. ఇక్కడి వారు అక్కడ వ్రాసియుందురని, అక్కడి వారు ఇక్కడ వ్రాసియుందురని విడిచినచో ఆమెకు రక్తహీనత యున్నదో, రక్తపోటు యున్నదో చూచు వారే యుండరు. మొదటి తప్పు కాగితము మీది తప్పు. రెండవ తప్పు ప్రాణాపాయము.

ఇట్టి చిక్కును తొలగించుటకే ప్రతి వ్యక్తికి 14 అంకెల ఆరోగ్య సంఖ్య నిచ్చు పథకము దేశమంతట 2021 సెప్టెంబరులో ఆరంభింపబడినది. దానిని ‘ఆభా’ సంఖ్య యందురు. ఆ సంఖ్యతో పాత పరీక్షలు, మందుల వివరములు ఏ యూరి వైద్యునికైనను, రోగి సమ్మతించినచో, కనబడును. సంఖ్య తీసికొనుట ప్రజల యిష్టము.

కుప్పములో క్రొత్త ఏర్పాటు

కుప్పము మూడు రాష్ట్రములు కలియు చోటు. అచటి ప్రజలు కూలికిని, ఉద్యోగమునకును రైలెక్కి బెంగుళూరు పోయి వచ్చుచుందురు. ఒకనాడు ఇచట మందు, మరొకనాడు అచట పరీక్ష. చీటీలు చినిగిపోవును, చికిత్స మధ్యలో ఆగును. ఇట్టి తావున 2025 జూలైలో టాటా సంస్థ సహకారముతో ప్రాంతీయ ఆసుపత్రి యందు డిజిటల్ నాడీ కేంద్రము ప్రారంభింపబడినది.

శరీరమున నాడులు కాలి ముల్లు బాధను మెదడునకు తెలుపునట్లు, ఈ కేంద్రము పల్లెలోని ఆరోగ్య కేంద్రములను పెద్ద వైద్యులతో కలుపును. రోగి వివరములు ముందుగనే వ్రాసియుంచి, దూరముననున్న నిపుణునిచే సలహా ఇప్పించుట, మరల రావలసిన దినమును రోగికి జ్ఞాపకము చేయుట దీని ముఖ్యోద్దేశములు. చక్కెర వ్యాధి, రక్తపోటు వంటివి ఒక్కనాటి మందుతో పోవునవి కావు. ఎవరు రెండు మాసములుగా మందు తీసికొనలేదో కేంద్రమునకు తెలిసిననే, కార్యకర్త వారి ఇంటి తలుపు తట్టగలదు. అది తెలియుటకు పల్లెలో వ్రాసిన వివరమే ఆధారము.

రెండు విధముల సున్న

పంచాయతీ సభ్యులు ముఖ్యముగా గ్రహింపవలసినది ఒకటి కలదు. లెక్కలలో సున్న రెండు విధములు. వెదకగా రోగి కనబడకపోవుట ఒక సున్న. అది గ్రామమునకు గౌరవము. వెదకకయే ‘లేరు’ అని వ్రాయుట రెండవ సున్న. అది గ్రామమునకు ప్రమాదము. కాగితము మీద రెండును ఒకే విధముగ నుండును.

2023లో ఆరంభమైన క్షయరహిత పంచాయతీ కార్యక్రమము ఈ భేదమును చక్కగా గుర్తించినది. సంవత్సరమున 1,000 మంది జనాభాకు క్రొత్త రోగులు ఒకరు గాని అంతకు తక్కువ గాని యుండవలెనని ఒక నియమము. దానికి తోడు, 1,000 మంది జనాభాకు కనీసము 30 పరీక్షలు జరిగియుండవలెనని మరియొక నియమము. చికిత్స పొందిన వారిలో నూటికి 85 మందికైనను నయము కావలెను. అర్హత పొందిన పంచాయతీకి మహాత్మాగాంధీ ప్రతిమ నిత్తురు; తొలి యేట కంచు వన్నెది, రెండేండ్లు నిలిచినచో వెండి వన్నెది, మూడేండ్లకు బంగారు వన్నెది. వెదకని వారికి బహుమానము లేదని దీని భావము.

బహుమానము కొరకు రోగుల సంఖ్య తగ్గించి వ్రాయుమని కార్యకర్తను తొందర పెట్టు సభ్యుడు గ్రామమునకు మేలు చేసినవాడు కాడు. పేరు వ్రాయని రోగికి ఉచిత మందు అందదు. 2024 నవంబరు నుండి పోషకాహారము కొరకు మాసమునకు 1,000 రూపాయల చొప్పున నిచ్చు సహాయమును అందదు. అతని దగ్గు మాత్రము ఇంటిలోని పసిబిడ్డకు అందును.

రహస్యము కాపాడుట

కుమార్తె వివాహము చెడునను భయముతో దగ్గును దాచు కుటుంబములు నేటికిని కలవు. వారిని నిందించి లాభము లేదు. తమ మాట వీధిన పడదను నమ్మకము కలిగింపవలెను. రాష్ట్ర కార్యాలయమున లెక్కలు విశ్లేషించునపుడు కావలసినది సంఖ్యలే కాని పేర్లు కావు. పౌరుల వ్యక్తిగత వివరములను కాపాడుటకు పార్లమెంటు 2023లో చట్టము గూడ చేసినది. గ్రామసభలో ‘మన ఊరిలో ముగ్గురు చికిత్స పొందుచున్నారు’ అని చెప్పవచ్చును. ఆ ముగ్గురెవరో చెప్పరాదు. ఒక్క పేరు బయటపడినచో పది ఇండ్లు తలుపులు మూసికొనును. మరుసటి మాసము లెక్క మరల అబద్ధమగును.

సభ్యులు చేయదగిన పనులు

మొదటిది, జనన మరణములను 21 దినములలోపల నమోదు చేయించుట. 2023 అక్టోబరు 1వ తేదీ తరువాత పుట్టిన బిడ్డకు బడిలో చేరుట మొదలు పెక్కు పనులకు జనన పత్రమే ప్రమాణము. అంతేకాదు, ఎందరు పుట్టిరో తెలియనిదే శిశుమరణములు పెరిగినవో తగ్గినవో చెప్పుట అసాధ్యము.

రెండవది, కూలికి వలసపోయిన కుటుంబములను, క్రొత్తగా వచ్చి ఊరి వెలుపల గుడిసెలు వేసికొన్నవారిని, ఇటుక బట్టీల కడ నున్నవారిని కార్యకర్తకు చూపుట. వారిని మరచిపోవుట సులభము. వ్యాధి వారిని మరచిపోదు.

మూడవది, ప్రతి సమావేశమున ఆరోగ్య కార్యకర్తను పిలిచి మూడు ప్రశ్నలు అడుగుట: ఈ మాసము ఎన్ని ఇండ్లు చూచితిరి? ఎందరిని పరీక్షించితిరి? పైకి పంపిన లెక్కకు ఏమి సమాధానము వచ్చినది? గద్దించుటకు కాక, సాయపడుటకై యడుగవలెను. ఆమెకు పోవుటకు వీలులేని వీధి యున్నచో తోడు పోవలెను.

మదనపల్లె పల్లెలలో నాడు ఇంటింటికి తిరిగిన వారి చేతిలో కాగితము, కలము ఉండెను. నేడు కార్యకర్త చేతిలో ఫోను కలదు. సాధనము మారినది గాని పని మారలేదు. తలుపు తట్టవలెను, అడుగవలెను, ఉన్నది ఉన్నట్లు వ్రాయవలెను. ఆ వ్రాత నిజమైనచో రాష్ట్ర కార్యాలయమున కూర్చున్నవారికి మన గ్రామపు చివరి ఇల్లు గూడ కనబడును. దానిని నిజముగా నుంచు బాధ్యత పంచాయతీది.