దోమ ఒంట్లో మిత్ర సూక్ష్మజీవి: డెంగీకి కొత్త అడ్డుకట్ట

మినుము, వేరుశనగ వేళ్ల బుడిపెల్లో రైజోబియం ఉంటుందని మనకు తెలిసిందే. మొక్క దానికి తిండి పెడుతుంది, అది మొక్కకు నత్రజని ఇస్తుంది. ఇలా కలిసి బతికే సూక్ష్మజీవులు పురుగుల ఒంట్లోనూ ఉంటాయి. పై వీడియోలో క్లుప్తంగా చెప్పిన వొల్బాకియా గురించి ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈ బ్యాక్టీరియాను 1924లో అమెరికాలో హెర్టిగ్, వొల్బాక్ అనే శాస్త్రవేత్తలు మామూలు ఇంటి దోమలో గుర్తించారు. చాలా రకాల పురుగుల్లో ఇది ఉంటుంది. మనం పొలంలో కట్టే ట్రైకోకార్డుల పరాన్నజీవుల్లోనూ కొన్ని రకాలకు ఉంటుంది. కానీ డెంగీని మోసే ఈడిస్ ఈజిప్టై దోమలో మామూలుగా ఉండదు. అందుకే ఆస్ట్రేలియాలో స్కాట్ ఓనీల్ బృందం, మాగిన పండ్ల మీద ముసిరే చిన్న ఈగలోని వొల్బాకియాను సన్నటి సూదితో ఈ దోమ గుడ్లలోకి ఎక్కించింది. 2011లో కెయిర్న్స్ దగ్గర ఆ దోమల్ని వదిలారు.

ఇది రెండు పనులు చేస్తుంది. ఒకటి, దోమ ఒంట్లో డెంగీ వైరస్ పెరగకుండా అడ్డుకుంటుంది. రెండు, తల్లి నుంచి పిల్లలకు వెళ్తుంది. వొల్బాకియా ఉన్న మగదోమ, లేని ఆడదోమతో కలిస్తే గుడ్లు పొదగవు. ఉన్న ఆడదోమ ఏ మగదోమతో కలిసినా పిల్లలు పుడతాయి, వాటికీ వొల్బాకియా ఉంటుంది. అలా తరం తర్వాత తరం తనంతట తానే వ్యాపిస్తుంది.

ఫలితం సంగతి? ఇండోనేసియాలోని యోగ్యకర్తా నగరాన్ని 24 భాగాలు చేసి, 12 భాగాల్లో ఈ దోమల గుడ్లు పెట్టారు. అక్కడ డెంగీ కేసులు 77 శాతం, ఆసుపత్రిలో చేరికలు 86 శాతం తక్కువ. ఈ లెక్కలు 2021లో అచ్చయ్యాయి. మన పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ కేంద్రం కూడా ఇలాంటి దోమల్ని తయారుచేసింది.

ఇది జన్యుమార్పిడా అని అడుగుతారేమో. కాదండీ, దోమ జన్యువుల్ని మార్చలేదు. అలాగని జీవామృతంలా మనం ఇంట్లో చేసుకునేదీ కాదు, ప్రభుత్వ అనుమతితో ఊరంతా కలిసి చేయాల్సిన పని. ఊళ్లో కొట్టే పొగమందు దోమతోపాటు తేనెటీగనూ చంపుతుంది. వొల్బాకియాకు ఆ దోషం లేదు.

అది మన ఊరికి వచ్చేదాకా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ఈడిస్ నిలవనీటిలో పెరుగుతుంది. నీళ్ల డ్రమ్ములకు గుడ్డ కట్టండి. షెడ్డు దగ్గరి పాత టైర్లు, కొబ్బరి చిప్పల్లో నీళ్లు వారానికోసారి తప్పకుండా పారబోయండి.