పురిటికి పుట్టింటికొచ్చే తాబేలమ్మ

సముద్రానికి వెళ్తున్నామంటే మనం ఏం సర్దుకుంటాం? తడిస్తే మార్చుకోవడానికి రెండు జతలు, తువ్వాళ్లు, పులిహోర, పిల్లలకు జంతికలు. అక్కడ చూడబోయేవి కూడా ముందే తెలుసు. అలలు, గవ్వలు, ఇసుక బొరియల్లోకి దూరే పీతలు. నలభై కిలోల ప్రాణి ఒకటి అర్ధరాత్రి నీళ్లలోంచి లేచి మన ముందుకొస్తుందని ఎవరనుకుంటారు!

2023 ఫిబ్రవరిలో మాఘపౌర్ణమి స్నానానికని అత్తగారిని తీసుకుని సూర్యలంక వెళ్లాం. బాపట్లకు 9 కిలోమీటర్లు. రాత్రి భోజనాలయ్యాక మా తోడికోడలూ నేనూ ఒడ్డున నడుస్తుంటే దూరంగా జనం గుంపు, సెల్‌ఫోన్ల లైట్లు. ఎవరో కొట్టుకొచ్చారేమోనని గుండె గుభేలుమంది. తీరా చూస్తే తాబేలు! తెడ్లలాంటి ముందుకాళ్లతో ఇసుకను తోసుకుంటూ, కాస్త జరిగి ఆగి, ఊపిరి తీసుకుని మళ్లీ జరుగుతోంది. నెలలు నిండిన మనిషి మేడమెట్లు ఎక్కుతున్నట్టే ఉంది. ఫొటో కోసం ఒకాయన పిల్లాడిని దాని వీపు మీద కూర్చోబెట్టబోయాడు. ఇద్దరు కుర్రాళ్లు ఎదురుగా నిలబడి మొహం మీదికే లైటు కొట్టారు. అది కాసేపు కదల్లేదు. తర్వాత మెల్లగా తిరిగి వచ్చిన దారినే సముద్రంలోకి వెళ్లిపోయింది.

"గుడ్లెట్టకుండానే పోయిందమ్మా" అంది పక్కనున్న చేపలమ్మే ఆవిడ. "కడుపుతో వచ్చినదాన్ని గుమ్మంలోంచే తరిమేశారు."

ఇవి ఆలివ్ రిడ్లే తాబేళ్లు. జనవరి నుంచి మార్చి దాకా మన కోస్తా పొడవునా ఆడ తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. ఒడిశాలోని గహిర్మాత, రుషికుల్య తీరాలకైతే కొన్నేళ్లలో లక్షల సంఖ్యలో వస్తాయి. మన దగ్గర ఒకటీ అరా, విడివిడిగా. సముద్రమంతా తిరిగి, ఈడొచ్చాక తాము పుట్టిన తీరం వైపే గుడ్లు పెట్టడానికి వస్తాయి. పురిటికి పుట్టిల్లన్నమాట. కాకపోతే పథ్యం వండిపెట్టే అమ్మ ఉండదు, ఉయ్యాల ఊపే అమ్మమ్మా ఉండదు. శ్రీకూర్మం గుళ్లో చూసే నేల తాబేళ్లలా ఇవి తలా కాళ్లూ డిప్పలోకి లాక్కోలేవు కూడా. అందుకే ఒడ్డు మీద అంత బెదురు. గొయ్యి తవ్వకముందు కాస్త అలికిడైనా, వెలుతురు పడినా వెనక్కి వెళ్లిపోతాయి.

మర్నాడు రాత్రి ఆ చేపలావిడ చెప్పినట్టే చేశాం. ఫోన్లు సంచిలో పడేసి, దూరంగా కూర్చున్నాం. పున్నమి వెన్నెల ఉండగా టార్చి ఎందుకు? రెండు గంటలు దోమలతో కుట్టించుకున్నాక ఒకటి వచ్చింది. నిన్నటిదేనో, వేరేదో! వెనక కాళ్లతో కూజా ఆకారంలో గొయ్యి తీసింది. ఆ కాళ్లు మనం గరిటె తిప్పినంత ఒడుపుగా, ఒకదాని తర్వాత ఒకటి ఇసుకను ఎత్తి పక్కన పోస్తుంటే కళ్లు తిప్పుకోలేకపోయాం. గుడ్లు పెట్టడం మొదలయ్యాకే, వెనక వైపు నుంచి కొంచెం దగ్గరికి వెళ్లాం. తెల్లగా, పింగ్‌పాంగ్ బంతుల్లా ఉన్నాయి. ఒక్కో ఈతకు వంద పైచిలుకు పెడుతుందట. తర్వాత గొయ్యి పూడ్చి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ ఇసుకను దబదబా దిమ్మిసకొట్టింది. మా అమ్మ ఊరగాయ జాడీలో ముక్కలు అదిమినట్టే!

దాని కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ఏడుపు కాదు, ఒంట్లో చేరిన ఉప్పును కళ్ల దగ్గరి గ్రంథులు అలా బయటికి పంపేస్తాయి అని చెప్పాను. "నొప్పులు పడేది ఏడవదా ఏమిటి, చోద్యం కాకపోతే" అన్నారు అత్తగారు. ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోరు.

తల్లి మళ్లీ వెనక్కి చూడదు. ఆ రాత్రే కుక్కలూ నక్కలూ తవ్వేస్తాయి కాబట్టి అటవీశాఖ తరఫున కాపలా తిరిగేవాళ్లు గుడ్లను తీసి, కంచె వేసిన హేచరీలో మళ్లీ పాతిపెడతారు. ఇది మనం చేసే పని కాదు. ఆలస్యమైనా, గుడ్డును తిప్పినా లోపలి పిండం చచ్చిపోతుంది. దాదాపు 45 నుంచి 60 రోజులకు పిల్లలవుతాయి. ఇసుక వేడిగా ఉంటే ఎక్కువగా ఆడవి, చల్లగా ఉంటే మగవి పుడతాయి. ఆడపిల్లలే పుట్టారని తాబేలు కోడల్ని దెప్పే అత్తగారు లేకపోవడం దాని అదృష్టం!

ఇన్ని గుడ్లు పెట్టినా వెయ్యింట ఒక పిల్ల పెద్దదైతే గొప్ప అంటారు. పెద్దయినవాటికీ గండమే. తాబేలు నీళ్లలో ఉన్నా పీల్చేది గాలే. ట్రాలర్ల వలల్లో చిక్కితే పైకి రాలేక ఊపిరాడక చస్తుంది. తాబేలు బయటపడేలా ద్వారం ఉన్న వలను కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ తయారుచేసింది. దాంతో చేపలూ జారిపోతాయని చాలామంది బిగించుకోరు. వాళ్ల కడుపు మాట కూడా కాదనలేం. తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది. అప్పటికి తాబేళ్ల పురుళ్లు చాలావరకు అయిపోతాయి.

1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టంలో వీటిది మొదటి షెడ్యూలు, అంటే పులితో సమానం. వేటాడినా, గుడ్లు ఎత్తుకెళ్లినా జైలే. వీపు మీద పిల్లాణ్ని కూర్చోబెట్టే తండ్రికి ఈ సంగతి గట్టిగా చెప్పవచ్చు, నేను చెప్పాను. ఆయన మొహం చిట్లించుకున్నాడు, అది వేరే సంగతి.

ఒడ్డున విడిది చేసేవాళ్లు సముద్రం వైపు లైట్లు రాత్రి ఆపమని అడగండి. పుట్టిన పిల్లలు వెలుతురు ఎటుంటే అటే పాకుతాయి. చీకటి రాత్రి సముద్రమే మెరుస్తూ కనబడాలి. వరండాలో బల్బు వెలిగితే అవి రోడ్డెక్కి చస్తాయి.

మార్చి, ఏప్రిల్ నెలల్లో వెళ్తే హేచరీ పిల్లల్ని సముద్రంలోకి వదలడం చూడొచ్చు. అటవీశాఖ వాళ్లను ముందురోజే అడగండి. ఎండెక్కకముందే, తెల్లవారుజామునే వదిలేస్తారు. పిల్లల్ని నిద్రలేపి తీసుకెళ్లండి. చేత్తో పట్టుకుని నీళ్లలో వేయనివ్వరు, ఆ కొద్ది దూరం అవే పాకాలి. మీ ముందున్న ఇసుకలో పాదాల గుంతలుంటే చదును చేయండి. అరచేతిలో పట్టే ఆ పిల్లకు మన అడుగు గుంతే పెద్ద గొయ్యి.