పరదేశమున ఇంగ్లీషు పంతులు



చదువుకొన్న మన బిడ్డలు నేడు దూరదేశములకు బోయి యుపాధ్యాయవృత్తి నవలంబించుచున్నారు. వారిలో ఇంగ్లీషు బోధించువారును గలరు. కుమారుడో కుమార్తెయో ప్రయాణమైన యింట పెద్దలకు రెండు చింతలు గలుగుట సహజము. పోయినచోట బిడ్డ నిలదొక్కుకొనునా యనునది మొదటిది. నిలదొక్కుకొన్న పిమ్మట మనవాడుగనే యుండునా యనునది రెండవది. మొదటి చింతకంటె రెండవదియే పెద్దలను రాత్రులందు మేలుకొలుపును.

ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటకై సముద్రములు దాట నక్కఱలేదు. మన బంగారుపాళ్యమునుండి మొగిలి కనుమ నెక్కి, పలమనేరు, పుంగనూరుల మీదుగా మదనపల్లెకు బోయిన జాలును. నూఱేండ్లకు బూర్వము ఐర్లండు దేశస్థు డొకరు అచ్చటికి ఇంగ్లీషు పంతులుగా వచ్చి, మన సీమవాడై, ఆ యూరనే కన్నుమూసెను. మన బిడ్డలు బయలుదేరు త్రోవకు ఎదురు త్రోవను వచ్చిన యా మహనీయుని చరిత్రము మనకు మిక్కిలి యుపయోగించును.

ఆయన పేరు జేమ్స్ హెన్రీ కజిన్స్. 1873వ సంవత్సరమున బెల్ఫాస్టు నగరమున జన్మించిరి. చిన్ననాడే బడి విడిచి గుమాస్తాపని చేయుచు, స్వయంకృషిచే సాహిత్య మభ్యసించి, కవియు నాటకకర్తయునై, 1905 మొదలు 1913 వఱకు డబ్లిన్ నగరమున నొక పాఠశాలలో ఉపాధ్యాయులుగా నుండిరి. 1903లో మార్గరెట్టు గిలెస్పీ యను విదుషిని వివాహమాడిరి. ఆమె సంగీతమున పట్టభద్రురాలు. స్త్రీలకు వోటుహక్కు కావలెనని పోరాడి 1910లో లండనునందును, 1913లో ఐర్లండునందును కారాగారవాస మనుభవించిన ధీరురాలు.

1913లో దంపతు లిరువురును డబ్లిన్ విడిచి లివర్పూలు చేరిరి. అచ్చట శాకాహార పదార్థములు తయారుచేయు నొక కర్మాగారమున కజిన్సుగారు పనిచేసిరి. దివ్యజ్ఞానసమాజమున నభిమానము గల వారగుటచే, అనిబిసెంటమ్మగారి పిలుపుపై 1915లో చెన్నపట్టణమునకు వచ్చి ఆమె నడుపు 'న్యూ ఇండియా' పత్రికలో ఉపసంపాదకులైరి. ఏడాది తిరుగకమునుపే ఆపద వచ్చెను. 1916వ సంవత్సరపు ఈస్టరు పండుగనాళ్లలో డబ్లిన్ నగరమున స్వాతంత్ర్యవాదులు తిరుగుబాటు చేసిరి. దొరతనమువారు దాని నణచి నాయకులకు మరణశిక్ష విధించిరి. కజిన్సుగారు ఆ వీరులను ప్రశంసించుచు పత్రికలో వ్యాసము వ్రాసిరి. ప్రభుత్వపు కన్ను అప్పటికే ఆ పత్రికపై నుండెను. ఆ యేటనే దానినుండి ధరావతు సొమ్మును గోరిరి. బిసెంటమ్మగారు కజిన్సుగారిని పత్రికనుండి తొలగింపవలసివచ్చెను. ఐనను ఆయనను నిరాధారునిగా విడువక, తాము 1915లో మదనపల్లెయందు స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాలకు ఇంగ్లీషు బోధించుటకై పంపిరి. ఈ విధముగా, కొలువు పోయిన పరదేశి మన సీమకు వచ్చెను. మదనపల్లె యప్పుడు చిత్తూరు జిల్లాలోనిది. ఆ జిల్లాయు 1911లో క్రొత్తగా నేర్పడినదే.

అట్టివాడు ఇచ్చట నెట్లు నిలదొక్కుకొనెను? నా యెఱిగినంతలో దానికి నాలుగు కారణములు గలవు.

మొదటిది అన్నము. పరదేశమునకు బోయినవానికి మొదటి పరీక్ష పాఠశాలలో జరుగదు, వంటయింటిలో జరుగును. కజిన్సు దంపతులు ఐర్లండులో నున్ననాటినుండియు శాకాహారులు. కావున మన పంక్తిలో గూర్చుండి భుజించుటకు వారికి అభ్యంతరము లేకపోయెను. సహపంక్తి దొరకినచోట సగము పరదేశత్వము తొలగును. మన బిడ్డలు ఆచారమును విడువవలెనని నేను జెప్పుటలేదు. తమకు దినదగిన పదార్థములు ఆ దేశమున నేవి గలవో ముందుగా దెలిసికొని, వానిని ఆ దేశస్థులతో గలిసి భుజించు నలవాటు చేసికొనవలెను. మూటగట్టి పంపిన ఊరగాయ యెన్నాళ్లు వచ్చును?

రెండవది, తాను బోధించు భాషను గూర్చిన వివేకము. కజిన్సుగారు ఇంగ్లీషు పంతులే గాని ఇంగ్లండువారు గారు. ఐర్లండునకు ఐరిషు అను ప్రాచీనభాష కలదు. 1831లో నేర్పడిన జాతీయ పాఠశాలలలో చదువంతయు ఇంగ్లీషుననే సాగుటచేతను, కఱవులచేతను, వలసలచేతను ఆ భాష క్షీణించెను. ఇంగ్లీషు తెచ్చిన లాభమును నష్టమును రెంటిని నెఱిగిన దేశమునుండి ఆయన వచ్చిరి. ఐర్లండు కవులు పూర్వకథలను వెలికిదీసి నూతన నాటకములు వ్రాసిన యుద్యమమున ఆయనకును పాలు గలదు. కావుననే భారతీయ విద్యార్థులకు ఇంగ్లీషు కవిత్వము బోధించుచునే, మీ దేశపు కవిత్వమును, శిల్పమును, చిత్రలేఖనమును విడువకుడని యుపదేశించుచుండిరి.

ఇచ్చట ఉపాధ్యాయధర్మ మొకటి విచారింపదగియున్నది. ఇంగ్లీషు కవి ఎండను వరముగా వర్ణించును. ఆ శీతలదేశమున సూర్యదర్శనమే పండుగ. మన రాయలసీమ బాలునకో, మబ్బు వరము, ఎండ శిక్ష. ఈ భేద మెఱుగని పంతులు పద్యమునకు ప్రతిపదార్థము చెప్పగలడు గాని రసము నందీయలేడు. బాలుని ఆకాశ మెట్టిదో తెలిసికొన్న పంతులు, "నీకు తొలకరి యెట్టిదో ఆ కవికి వసంత మట్టిది" యని యొక్క మాటలో జెప్పును. పరదేశమున ఇంగ్లీషు బోధింప బోవు మన బిడ్డ ముందుగా ఆ దేశపు పంటలను, వానలను, పండుగలను నేర్చుకొనవలెను. బోధించుటకు ముందు శిష్యుడు కావలెను.

కజిన్సుగారు అట్లు శిష్యులగుటచే సాహిత్యమునకును లాభము కలిగెను. ఆంగ్ల కవిత్వమున నూతన మార్గములను గూర్చి 1917లో ఆయన యొక గ్రంథము ప్రకటించిరి. పుదుచ్చేరిలో నున్న అరవిందులు 'ఆర్య' పత్రికకై దానిని సమీక్షింప బూని, ఆ ప్రసంగమునుండియే కవిత్వపు భవిష్యత్తును గూర్చి 1920 వఱకు సాగిన వ్యాసపరంపరను వ్రాసిరి. మరుసటియేట, 1918లో, భారతదేశపు పునరుజ్జీవనమును గూర్చి కజిన్సుగారు మఱియొక గ్రంథము ప్రకటించిరి.

మూడవది, తలుపు తెఱచి యుంచుట. విద్యార్థులును అధ్యాపకులును గూడి పాడుకొను సాయంకాలపు కూటములను కజిన్సు దంపతులు మదనపల్లెలో నడుపుచుండిరి. 1919 ఫిబ్రవరి మాసాంతమున రవీంద్రనాథ ఠాగూరుగారు విశ్రాంతికై మదనపల్లెకు వచ్చి కొన్ని దినము లుండిరి. అట్టి కూటమున నొకనాడు ఆయన 'జనగణమన' గీతమును స్వయముగా బాడిరి. మార్గరెట్టమ్మగారు ఆ రాగమును స్వరలిపిలో వ్రాసి భద్రపఱచిరి. ఫిబ్రవరి 28వ తేదీని ఠాగూరుగారు ఆ గీతమునకు ఇంగ్లీషు అనువాదమును స్వహస్తముతో వ్రాసి యిచ్చిరి. 1911లో కలకత్తా కాంగ్రెసు సభలో తొలుత పాడబడిన యా గీతము 1950 జనవరి 24న మన జాతీయగీతముగా స్వీకరింపబడెను. ఒక పరదేశి పంతులు తన కొలువు ముగియగానే తలుపు మూసికొని కూర్చున్నచో ఈ ఘట్టమునకు చోటెక్కడిది?

నాలుగవది, ఆ దేశపు కష్టములలో పాలుగొనుట. మార్గరెట్టమ్మగారు 1917లో అడయారునందు భారత మహిళాసంఘమును స్థాపించినవారిలో నొకరు. 1927లో అఖిలభారత మహిళాసభ నేర్పఱచుటకు ముఖ్యకారకులు. 1932లో ప్రభుత్వపు నిర్బంధశాసనములకు వ్యతిరేకముగా మాటలాడినందులకు ఏడాది శిక్ష పొంది, మన చిత్తూరునకు సమీపముననే యున్న వేలూరు చెరసాలలో నుండిరి. తన దేశపు స్త్రీలకై రెండుమాఱులు చెఱకు బోయిన వనిత, మన దేశముకొఱకు మూడవమాఱు పోయెను. అంతకుమించిన పౌరసత్వపత్ర మేది?

ఇక పెద్దల రెండవ చింత. పరదేశమున నిలదొక్కుకొన్నవాడు తనవారిని మఱచునా? కజిన్సుగారు ఇచ్చట స్థిరపడియు ఐర్లండు కవిగనే యుండిరి. 1916లో ఆయన కొలువు పోయినదే స్వదేశాభిమానము వలన. అభిమాన మొకచోట నున్నంతమాత్రమున మఱియొకచోట తఱుగదు. 1919లో జపాను దేశపు కెయో విశ్వవిద్యాలయమువారు ఆంగ్లకవిత్వము బోధించుటకై పిలువగా టోక్యో నగరమునకు బోయిరి. 1920లో తిరుగుప్రయాణము కట్టినప్పుడు వచ్చినది భారతదేశమునకే. 1930ల నడుమ మరల మదనపల్లె కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిరి. 1950లో దంపతు లిరువురు గలిసి వ్రాసిన ఆత్మకథ వెలువడెను. మార్గరెట్టమ్మగారు 1954లోను, కజిన్సుగారు 1956లో మదనపల్లెయందును దివంగతులైరి.

దీని వెల తక్కువ యని నేను జెప్పను. జన్మభూమికి దూరముగా ముసలితనము గడపిరి. బంధువుల శుభాశుభములకు వారు చేరగలుగుట యెట్లు? మన బిడ్డలకును ఈ వెల తప్పదు. నేడు తంతిలేని యంత్రములలో ముఖము చూచి మాటలాడుట సాధ్యమైనను, జ్వరము వచ్చిననాడు నుదుట చేయివేయుటకు యంత్రము చాలదు. ఈ సంగతి తెలిసియే ఆశీర్వదించి పంపవలెను.

పంపునపుడు పెద్దలు చేయదగిన పనులు కొన్ని గలవు. ఒడంబడికపత్రమును జదివినవారిచే జదివించి వినుడు. జీతమెంత, బస యెవరిది, తిరుగుప్రయాణపు కర్చెవరిది, కొలువు మధ్యలో పోయినచో గతి యేమి యని యడుగుడు. విదేశపు కొలువులకు మనుష్యులను కుదుర్చువారు ప్రభుత్వమున నమోదు కావలెనని 1983 నాటి వలసల చట్టము విధించెను. నమోదు చూపలేనివానికి సొమ్మీయకుడు. పట్టా కాగితముల యసలు ప్రతులను మధ్యవర్తిచేతిలో నుంచకుడు. కజిన్సుగారికి కొలువు పోయినప్పుడు చేయూతనిచ్చిన పెద్దదిక్కుండెను. మన బిడ్డకు ఆ దేశమున అట్టి దిక్కెవరో ముందే విచారింపుడు.

బిడ్డ యచ్చట జేరిన పిమ్మట, ఎంత సొమ్ము మిగిలెనని మాత్రమే యడుగకుడు. నీతో భుజించువారెవరు, ఆ దేశపు మాటలెన్ని నేర్చితివి, నీ శిష్యుల తల్లిదండ్రులు ఏ పని చేయుదురు అని యడుగుడు. వీనికి బిడ్డ తడబడక బదులు చెప్పిననాడు వాడచ్చట నిలదొక్కుకొనెనని నమ్మవచ్చును. ఆ ముచ్చట్లను తెలుగున జెప్పుచున్నంతకాలము మనవాడుగనే యున్నాడనియు నమ్మవచ్చును.

మఱియొక విన్నపము. మన యూరి బడికి అన్యప్రాంతమునుండి యొక పంతులు వచ్చినపుడు ఆయనను భోజనమునకు బిలువుడు. మన బిడ్డకు దూరదేశమున నెవరో ఒకరు పీటవేయవలెనని కోరుకొను మనము, మన యింట నొక పీట సిద్ధముగా నుంచుట న్యాయము.

స్వస్తి.