చదరంగమున గడువుగల హక్కులు

ఏ పావు ఎట్లు నడచునో బాలురు ఒక్క సాయంకాలమున నేర్చుకొందురు. ఏ హక్కు ఎప్పుడు పుట్టి ఎప్పుడు గిట్టునో తెలియుటకు మాత్రము ఏండ్లు పట్టును. ఉపాధ్యాయుడనై యుండి నేనే ఈ విషయమున పొరబడితిని.

మా పాఠశాలలో చదరంగపు పోటీ జరుగుచుండగా ఎనిమిదవ తరగతి బాలుడొకడు మంత్రి వైపున కోట కట్టెను. అతని ఏనుగు దాటిన గడిపై ఎదుటివాని శకటు దాడి కలదు. అది చెల్లదని తీర్పు చెప్పితిని. "ఏనుగు వెళ్ళవచ్చును గదా, మాస్టారూ?" అని మెల్లగా అడిగి, నా ముఖము చూచి వాడు ఊరకుండెను. రాజు నడుమ చిక్కి ఆ ఆట ఓడిపోయెను.

ఆ రాత్రి నిబంధనలు తిరుగవేసితిని. నిషేధమంతయు రాజునకే. రాజు షాలో నుండగా కోట కట్టరాదు. రాజు దాటు గడిపై గాని చేరు గడిపై గాని శత్రువు దాడి యుండరాదు. ఏనుగు దాడిలో నున్నను, దాడి గల గడిని దాటినను దోషము లేదు. ఈ సందేహము పిల్లలకే కలుగునని అనుకొనరాదు. 1974లో మాస్కోలో కార్పోవ్‌తో ఆడుచు, ప్రపంచమున అగ్రశ్రేణి వాడైన కోర్చ్నోయ్, తన ఏనుగు దాడిలో నుండగా కోట కట్టవచ్చునా అని మధ్యవర్తిని అడిగెను. అవునని తెలిసికొని, కోట కట్టి, ఆ ఆట గెలిచెను.

అసలు చిక్కు ఎక్కడ ననగా, కొన్ని ఆటంకములు తాత్కాలికములు, కొన్ని శాశ్వతములు; చూచుటకు రెండును ఒక్కతీరుగనే యుండును. షా తగిలిన రాజు, రాజును కదపకయే ఆ షా తప్పించినచో, తరువాత నిరభ్యంతరముగ కోట కట్టవచ్చును. రాజు ఒక్క గడి కదలి తిరిగి స్వస్థానమునకు వచ్చినను హక్కు పోయినట్లే. పలక మీద ఆ తేడా కనబడదు. అందుచేతనే ఒకే స్థితి మూడుమారులు వచ్చెనని డ్రా కోరువాడు, పావులతోపాటు అప్పటి హక్కులు కూడ సమానముగ నున్నవా అని చూడవలెను.

అన్నిటికన్న అల్పాయువు బంటు హక్కు. శత్రుబంటు మొదటి ఎత్తున రెండు గళ్ళు దూకి మన బంటు సరసన నిలిచినచో, అది ఒక్క గడియే నడచినట్లు భావించి చంపవచ్చును; కాని వెనువెంటనే. ఒక్క ఎత్తు జాగు చేసితిమా, ఇక లేదు.

మన దేశపు పాత ఆటలో ఈ చిక్కు లేదు. బంటునకు రెండు గళ్ళ దూకుడే లేదు గదా. దానికి బదులు పలుచోట్ల రాజునకు ఒక్కమారు గుఱ్ఱమువలె దూకు వరము కలదు. షా తగిలినచో ఆ వరము పోవును, మరల రాదు! ఐరోపా రాజునకు షా వలన హక్కు ఆగునే కాని పోదు. ఈ దేశపు పద్ధతిలో ఆట నేర్చి, పిమ్మట ఐరోపా నియమములు అభ్యసించిన పంజాబీ మీర్ సుల్తాన్ ఖాన్ 1929, 1932, 1933 సంవత్సరములలో బ్రిటిష్ విజేత యయ్యెను. చేతికి పట్టిన అలవాటు మార్చుకొనుట ఎంత కష్టమో ఆడువారికే తెలియును.

సోమవారమున ఆ బాలుని పిలిచి, పొరపాటు నాదేయని చెప్పి, నాటి స్థితిని పలకమీద పేర్చుమంటిని. ఒక్క బంటు కూడ తప్పకుండ పేర్చి, వాడు కోట కట్టెను. ఎదుట నేను కూర్చుంటిని. గంట కొట్టువరకు ఆట తెగలేదు.