మైక్ కంటే ముందు గది

మా అమ్మమ్మ లాలిపాటల్లో చరణాలు మర్చిపోతోంది. ఉన్నవైనా దాచుకుందామని సెలవుల్లో కండెన్సర్ మైక్, ఆడియో ఇంటర్‌ఫేస్ కొన్నాను. ఇంటర్‌ఫేస్ ఎందుకంటే కండెన్సర్‌కి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ అదే ఇస్తుంది. తీరా వింటే పాటతో పాటు ఫ్యాను, కుక్కర్ విజిల్, గోడల ప్రతిధ్వని అన్నీ ఉన్నాయి!

తప్పు మైక్‌ది కాదు, ఎంపిక నాది. గది నిశ్శబ్దంగా లేకపోతే డైనమిక్ మైక్ నయం. నోటికి నాలుగు వేళ్ల దూరంలో పెట్టి పాడతాం కాబట్టి గది శబ్దం తక్కువ పడుతుంది. కాకపోతే ఇంటర్‌ఫేస్‌లో గెయిన్ ఎక్కువ పెట్టాలి. ఒక్కరే పాడితే ఒక మైక్ ఇన్‌పుట్ చాలు. 24 బిట్‌లో, లెవెల్ కాస్త తగ్గించి రికార్డ్ చేస్తే గొంతు పెంచినా క్లిప్ అవ్వదు. సాఫ్ట్‌వేర్‌కి ఆడాసిటీ ఉచితం.

మళ్లీ మైక్ కొనే డబ్బుల్లేవు, ఆగే టైమూ లేదు. ఫ్యాను ఆపి, చుట్టూ బొంతలు వేలాడదీసి అమ్మమ్మని కూర్చోబెట్టాను. "లాలిపాటకి ఇంత హడావిడా రా!" అని నవ్వింది. ఈసారి గొంతు స్పష్టంగా వచ్చింది.

మీరూ కొనేముందు గదిలో ఒకసారి చప్పట్లు కొట్టండి. ఖంగుమని మోగితే ముందు కావాల్సింది బొంతలే.